కూత

ఎనిమిది బండ్ల మీద వచ్చింది ఓడ,
ముక్కలు ముక్కలుగ,
సికింద్రాబాదు టేషన్ నుంచి హుసేన్‌సాగర్ కట్ట మీదికి.
ఎడ్ల మెడలు కాయలు గాచినయి.
"సముద్రం లేని ఊర్లె ఓడెందుకురా,
ఈ కట్ట నుంచి ఆ కట్టకు పోయేటందుకా?"
అన్నరు ముసలోళ్ళు.
జాగీర్దారుకు మనసైంది.
మనసుకు సముద్రం పనేంది?

రేకు రేకుకూ ఒక అంకె కొట్టి ఉంది.
మా నాయిన కమ్మరి అడివయ్యకు అంకెలు రావు.
గుంటలను బొటనవేలితో తడిమి పేర్లు పెట్టుకున్నడు:
ఒకటి మేకు, రెండు బాతు, ఏడు కొడవలి,
ఎనిమిది కడుపుతోటున్న ఆడది.
దావూద్ మిస్త్రీ కాగితం చూసి
"సత్తాయీస్!" అని అరిస్తె
నాయిన బాతు కొడవలిని మోసుకొచ్చి ముందర పెట్టేటోడు.
ఒక్కనాడు తప్పలే.

తప్పింది విలాయతోడే.
ఒక రేకు అసలు పంపనే లేదు.
జాబు రాస్తె ఆర్నెల్లు.
నాయిన పాత ఫిరంగి బండి చక్రాల పట్టాలు తెచ్చి
కాల్చి, అతికి, సాగగొట్టి
ఆ కంత మూసిండు.
దాని మీద ఏ అంకే లేదు.

నాకు తొమ్మిదేండ్లు.
బాయిలర్ కంతల పట్టేటంత సన్నగున్న.
బయట నుంచి ఎర్రటి రివిటు తల లోపలికొస్తది,
దానికి ఇనుప దిమ్మె ఆనించి
ఊపిరి బిగబట్టాలె.
బయట వాళ్ళ సుత్తెలు,
లోపల నేనే దాగలి.
కూలి రోజుకు రెండు పైసలు, హాలీ సిక్కా.

మొదటి వారం చెవులల్ల కీచురాళ్ళు.
అమ్మ పత్తి పెట్టింది, పత్తిలోనూ కీచురాళ్ళే.
తర్వాత అవి గూడ లేచిపోయినయి.
ఒక పొద్దు అమ్మ జొన్నరొట్టె కొడుతుంటె
చప్పుడు రాలే.
పిండిల నీళ్ళెక్కువైనయనుకున్న.
చెయ్యి లేస్తున్నది, పడుతున్నది,
రొట్టె వెడల్పయితున్నది.
నేను చెప్పలే.
పని మానిపిస్తరని చెప్పలే.

పీర్ల పండుగ పోయినంక
అతుకులకు అవిసె నూనెల కలిపిన సింధూరం పూసిన్రు.
ఓడ ఆంజనేయుని లెక్కయింది.
రాకాసి బొగ్గు ఎత్తిపోసిన్రు.
గొట్టం నల్లగ దగ్గింది.

కూత నేను చూసిన.
కొంగలన్నీ ఒక్కపారి నీళ్ళ మీదికెళ్ళి లేచినయి.
జాగీర్దారు గుర్రం రెండు కాళ్ళ మీద నిలబడ్డది.
చంక పిల్లల నోర్లు తెరుచుకున్నయి.
దావూద్ మిస్త్రీ రెండు చెవులూ మూసుకొని నవ్విండు.
అందరి చేతులూ చెవుల మీదనే.
నా చేతులు కిందనే ఉన్నయి.

నాయిన నన్ను చూసిండు.
చానా సేపు చూసిండు.
తర్వాత నీళ్ళల్ల దిగి, నన్ను దింపి,
నా అరచెయ్యి తీసి
అంకె లేని రేకు మీద పెట్టిండు.
ఈగ వాలితె గుర్రం తోలు వణికినట్టు
అది వణికింది.
మోచెయ్యి దాక వచ్చింది కూత.

ఓడ కట్ట నుంచి కట్టకు తిరిగింది పన్నెండేండ్లు.
జాగీర్దారు పోయినంక
బేగంబజారు సేటు తూకానికి కొన్నడు.
కాగితం పట్టుకొని అంకెలు సరిచూసుకున్నడు.
"దీనికి నంబరు లేదు, ఇది ఓడది కాదు,
దీనికి పైస ఇయ్య" అన్నడట.

మంచిదన్నడు నాయిన.
ఇంటికి మోసుకొచ్చిండు.

ఇప్పుడది మా గడప ముందర పరిచి ఉంది.
ఒక అంచు మీద నా మడిమె పెట్టి కూసుంట.
ఇరవై ఏండ్లాయె నాయిన పోయి,
కుంటుతూ ఎవరన్న వస్తె
ఇప్పటికీ తల ఎత్తుత.
పాలోడు బరువు, మనుమరాలు తేలిక,
మేక నాలుగు చుక్కలు.