తొమ్మిది నెలల పెట్రోలు

కూహ్మోలో మే నెల. సరస్సు మీద మంచు
ఉండాలో పోవాలో ఇంకా తేల్చుకోలేదు.
పోలీసుల దగ్గరున్న లైసెన్సు
తొమ్మిది నెలలకి నిన్ననే పోస్టులో వచ్చింది.
తువోవి షెడ్డు తలుపు తీసింది.

ట్యాంకు మూత తిప్పి నన్ను వాసన చూడమంది.
పెట్రోలు కాదది.
పూసి ఆరని వార్నిష్,
దాని వెనక ఎక్కడో పులుపు.
"స్టార్ట్ చెయ్యకు," అన్నాను, "తాళంచెవి జేబులోనే ఉండనీ."

గొట్టం దింపి నోటితో పీల్చబోతే
చెయ్యి అడ్డం పెట్టింది.
"సీసాకి నోరు పెట్టే పని నేను చాలా ఏళ్లు చేశాను.
నువ్వు మొదలెట్టకు."
చేతిపంపు అందించింది.
నవ్వొచ్చో లేదో తెలీలేదు నాకు.

రెండు జామ్ సీసాల్లో పట్టి కిటికీలో పెట్టాం.
ఇవాళ బంకులో పోయించుకొచ్చింది లేత గడ్డిరంగు.
పాతది, పొయ్యిమీద మరిచిపోయిన డికాషన్.
చురుగ్గా మండేదే ముందు ఆవిరైపోతుంది,
జిగురు మాత్రం ఎక్కడికీ పోదు.

కార్బురేటర్ విప్పాను.
జెట్‌కున్న సూదిమొనంత బెజ్జం, అదీ పూడింది.
రాగి తీగపోగుతో గుచ్చి గుచ్చి
దీపానికెత్తి పట్టింది తువోవి,
చుక్కంత వెలుగు ఇవతలికొచ్చేదాకా.

"ఇదంతా గుంటలో పారబొయ్యనా?"
"మన బావి ఆ పక్కనే."
ఇరవై లీటర్లు డబ్బాలకెత్తి చీటీ అంటించింది:
చెడ్డది. ముట్టకు.
అలాంటి చెత్త తీసుకునే చోటు శుక్రవారమే తెరుస్తారు.

కొత్తది అయిదు లీటర్లు.
దగ్గింది సాబ్, తుమ్మింది,
నాలుగోసారి పలికింది.
స్టీరింగ్ మీది దుమ్ము మోచేత్తో తుడిచి
కాసేపు విని, ఆపేసింది.

"ఇవాళ మంగళవారమేగా.
ముందు ఆ డబ్బాల్ని దింపి రానీ,
తరవాత చూద్దాం
ఎటు పోవాలో."