పన్నెండు ముడుల తాడు

నేల బిగుసుకుపోయింది, మాష్టారూ.
నాలుగడుగుల లోతు దాకా ఇనుమే.
నిన్న పొద్దుగూకినప్పటి నుంచి మీ చోటు మీద
పెద్ద రేకు డొప్ప బోర్లించి, కింద బొగ్గులు రాజేసి
ట్రక్కులో కూర్చుని కాపలా కాస్తున్నాను.
మిన్నెసోటాలో ఫిబ్రవరి నెలలో పోవడం
పోయినవాళ్ళకీ ఇబ్బందే, తవ్వేవాడికీ ఇబ్బందే.
చాలామందిని మంచు కరిగే దాకా షెడ్డులో ఉంచేస్తాం.
మీ పెద్దమ్మాయి ఐలీ ఫోన్ చేసి
"నాన్నని ఇంకోసారి చలిలో ఆపలేను వెర్న్" అంది.
అంతే. బొగ్గుల బస్తా భుజానికెత్తుకున్నాను.

వెర్న్ కంగస్‌ని. లెక్కల్లో రెండుసార్లు తప్పినవాణ్ణి.
వెనక బెంచీలో, కిటికీ పక్కన
గని సైరన్ కోసం చెవులు రిక్కించి కూర్చునేవాణ్ణి.
"ఇదంతా దేనికి పనికొస్తుంది?" అని ఓరోజు అడిగేస్తే
క్లాసంతా ఊపిరి బిగబట్టింది.
మీరు కసరలేదు. సొరుగులోంచి
సమానంగా పన్నెండు ముడులేసిన తాడు తీసి
కోట్లు కూడా తొడుక్కోనీకుండా మమ్మల్ని మైదానంలోకి తోలారు.
ఇటు మూడు, అటు నాలుగు, ఏటవాలుగా ఐదు.
"చీకట్లోనైనా సరే, ఇది నీకు సరైన మూల చూపిస్తుంది."
తాడు నా చేతిలోనే ఉండిపోయింది.
మీరు అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

ఆ సొరుగులోనే ఉన్ని మేజోళ్ళు ఉండేవి.
ఎవడి బూటుకి చిల్లు పడిందో
వాడి కంటే ముందు మీకెలా తెలిసేదో!

మీ ఎడమ పాదానికి రెండు వేళ్ళు లేవని
ఓ శనివారం మా ఆవిరిగదిలో చూశాం.
ఏమయ్యాయని మా తమ్ముడు అడిగితే
"కొరియాలో పెట్టి వచ్చాను, నడక తేలికవుతుందని" అన్నారు.
పిల్లలం పగలబడి నవ్వాం.
మా నాన్న నవ్వలేదు. లేచి
రాళ్ళ మీద ఇంకో గరిటెడు నీళ్ళు పోశాడు.
ఆ యుద్ధం గురించి మీ నోట విన్నది ఆ ఒక్క ముక్కే.
కానీ మంచు కురిసే రోజున
మీరు హాజరు రెండుసార్లు పిలిచేవారు.
అందరూ కళ్ళెదుటే ఉన్నా, రెండోసారి, నెమ్మదిగా,
ప్రతి పేరు తర్వాతా కాస్త ఆగి.
మేం కూడా ఎందుకని అడక్కుండా
రెండోసారీ "ఉన్నాను సార్" అనేవాళ్ళం.

హిల్యా గారిది ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.
పొద్దున్నే ముగ్గురాడపిల్లలకీ జడలు మీరే.
ఒకటే బిగువు, ఒకటే పొడవు, స్కేలు పెట్టి గీసినట్టు.
సిల్వీ జడలో ఎప్పుడూ చాక్‌పీసు పొడి ఉండేది,
దులుపుకోమంటే ఉండనీయండనేది.
చివరి ఆరేళ్ళూ హిల్యా గారికి మీరెవరో తెలియకపోయినా
రోజూ ఏడింటికల్లా దువ్వెనతో వెళ్ళేవారు.
"ఈ మాష్టారెవరో మంచాయన" అని నర్సుతో చెప్పిందట.
ఆ మాట మీరు ఊరంతా చెప్పుకుని మురిశారు,
కొత్తగా పెళ్ళి కుదిరినవాడిలా.

మధ్యాహ్నం ఓ కుర్ర సైనికుడు చోటు చూసుకుని వెళ్ళాడు.
బూర ఊదక్కర్లేదట, లోపల బ్యాటరీ ఉందట,
పెదాలకి ఆనించుకుని మీట నొక్కితే చాలట.
చలికి అది మొరాయిస్తుందేమోనని వాడి భయం.
చంకలో పెట్టుకుని వెచ్చగా ఉంచమన్నాను.
మీరైనా అదే చెబుదురు.

నాలుగైంది. డొప్ప తీశాను.
ముఫ్ఫై ఏళ్ళుగా తవ్వుతున్నాను, కళ్ళు మూసుకుని గీత గీయగలను,
అయినా తాడు తెచ్చాను.
ముడులు నల్లబడ్డాయి, ఒకటి ఊడితే నేనే వేశాను,
అక్కడ కొలత వెంట్రుకవాసి తప్పుతుంది, మన్నించండి.
ఇటు మూడు. అటు నాలుగు.
నాలుగు మూలలూ సరిపోయాయి.

పలుగు దిగుతోంది. మట్టి ఆవిరి కక్కుతోంది.
లైటు వెలుగులో మొదటి మంచు రేకలు.
మాష్టారూ,
ఒకసారి పిలిచి ఊరుకోకండి.