పావంగుళం

చెన్నైలో బొంతెందుకయ్యా అని
మా వీధిలో అడగనివాళ్ళు లేరు.
మేడమీది వెంకటాద్రి అయితే
చొక్కా విప్పి, దాంతోనే విసురుకుంటూ అడిగాడు.
జవాబు లేదు. చేతులు ఊరికే ఉండవు, అంతే.

ముప్పై నాలుగేళ్ళు పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో
రైలుపెట్టెలకి తలుపులు బిగించినవాణ్ణి.
సగం మిల్లీ తేడా వస్తే
ఎక్కడో ఎవరి ఒళ్ళోనో వాన పడుతుందని తెలిసినవాణ్ణి.
రిటైరైన పదకొండో రోజున
పేపర్ మిల్స్ రోడ్డులో జైబున్నిసా కొట్టు ముందు
గోనెసంచీ నిండా జాకెట్ల కత్తిరింపులు
చెత్తబండి కోసం కాచుక్కూచున్నాయి.
"పట్టుకుపోండి సార్, రోజూ ఇంతే" అంది.

ఇంటికొచ్చి నేలమీద కుమ్మరిస్తే
రాజ్యం నన్ను చూడలేదు, గుడ్డల్ని చూసింది.
"ఇది పెళ్ళిది, జరీ ఉంది.
ఇది రోజూ బస్సెక్కే మనిషిది, చెమటకి ఆగే రకం.
ఇది ఎవరో ఒళ్ళు చేసి, చంకల దగ్గర అతుకు వేయించుకున్నది."
ఊరి ఆడవాళ్ళందరూ మా హాల్లో
అరచేయంత అరచేయంత కూర్చున్నారు.

మొదట నేర్చుకున్నది ఇస్త్రీ.
నలిగిన గుడ్డ కొలబద్దకి అబద్ధం చెబుతుంది.
తర్వాత పోగు.
నిలువుగా లాగితే మాట వింటుంది,
ఐమూలగా లాగితే సాగి, మళ్ళీ వెనక్కి రాదు.
ఆ తర్వాత ఈ పావంగుళం,
కుట్టుకని వదిలే అంచు.
ముక్కకీ ముక్కకీ నూలుపోగంత తేడా
కంటికి ఆనదు.
ఇరవై ముక్కలు కలిసేసరికి
వరసంతా బొటనవేలంత పక్కకి జరిగి
నేనేం చేశానన్నట్టు నిలబడుతుంది.

మూడుసార్లు విప్పాను.
జైబున్నిసా నా సూదిని వెలుతురులో తిప్పి చూసి
"ఇది బియ్యం బస్తాలు కుట్టేది సార్" అని నవ్వి
తన డబ్బాలోంచి ఒక సన్నటిది ఇచ్చింది.
దారం ఎక్కించడానికి మాత్రం
ఎదురింటి పిల్ల జెసింత రావలసిందే.

దూది వద్దంది రాజ్యం, ఈ ఉక్కకి.
లోపల తన పాత నేతచీర పరిచింది,
అడుగున నా రెండు పంచెలు.
మూడూ కదలకుండా టాకాలు వేశాం,
మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి.
అంచు నుంచి మొదలుపెడితే ముడత
తప్పించుకునే దారి లేక నడుమ ఇరుక్కుంటుంది.
ఆ నడుమ రాజ్యం ఒక ఎర్రముక్క పెట్టింది.
"ఎరుపుని నమ్మొద్దు, ముందు ఉప్పునీళ్ళలో నానేయండి"
అని జైబున్నిసా రెండుసార్లు చెప్పింది.
బోల్టు బోల్టుకీ తనిఖీ చేసినవాణ్ణి,
దీన్ని మాత్రం వదిలేశాను.

డిసెంబరులో నాలుగు రోజులు వాన.
మూడో రాత్రి నీళ్ళు గడప ఎక్కి
మా మంచం కోళ్ళు పట్టుకున్నాయి.
చేతికి అందినవి పట్టుకుని మేడమీదికి పోయాం:
గ్యాసు పుస్తకం, మాత్రల డబ్బా, బొంత.
కరెంటు లేదు. కిటికీలోంచి తడిగాలి.
వెంకటాద్రి తల్లికి పళ్ళు టకటకమన్నాయి.
ఎవరూ ఏమీ అడగలేదు.
వెంకటాద్రే వచ్చి రెండో కొస పట్టుకున్నాడు,
కలిసి ఆవిడ మీద కప్పాం.

తెల్లారాక చూస్తే
తడిసిన ఎరుపు పక్కింటి తెలుపులోకి,
అక్కణ్ణించి పసుపులోకి,
ముసలామె చీర కుచ్చిళ్ళలోకి కూడా కొంచెం.
"విప్పి మారుద్దామా?" అంది రాజ్యం.
స్కేలు తెచ్చి మరక మీద పెట్టాను.
ఎక్కడ మొదలో తెలుస్తోంది,
ఎక్కడ ఆగిందో చూపించే గీత లేదు.
స్కేలు జేబులో పెట్టుకున్నాను.

వెంకటాద్రి నిన్న తన పాత చొక్కాలు తెచ్చి పడేశాడు,
ఏమీ అనకుండానే.
అన్నీ నీలాలే.
ఉప్పు తేవాలి.