మాటు

ఆరేసిన బట్టలకి మూడోనాటికే క్లిప్పుల తుప్పు అంటే ఊరు మాది.
డాబాగార్డెన్స్‌లో, రెండో అంతస్తులో నా గది.
కిటికీ రెక్క మీద రేవు బొగ్గుపొడి,
నాలుక తగిలిస్తే ఉప్పు.
ఇక్కడ ఇనుము గురించి ఎవరూ గొప్పలు చెప్పరు.

మైలపల్లి ఎర్రయ్య గారు తువ్వాల్లో చుట్టి తెచ్చారు,
వంజరం ముక్కని తెచ్చినంత జాగ్రత్తగా:
ఆటుపోట్ల లెక్కలు కట్టిన బోర్డు.
హార్బరు ఆఫీసు వేలంలో
పాత బీరువా కొంటే లోపల ఇదుందట.
"దీని పక్కనే కూకున్నాను పాపా, ఇరవయ్యేళ్లు.
ఏటైనాదో సూడు."

చూశాను.
టైము మర్చిపోకూడదని దానికో చిన్న బ్యాటరీ పెట్టారెవరో.
అదే కారింది.
గుర్తుపెట్టుకోమన్నదే చుట్టూ ఉన్నదంతా తిన్నది.
చిప్పు ఇరవయ్యెనిమిది కాళ్లలో తొమ్మిదింటికి
పాచిపట్టిన జెట్టీమెట్ల రంగు.

ముందు వెనిగరు. తర్వాత స్పిరిటు, అరిగిన టూత్‌బ్రష్షు.
తర్వాత సోల్డరింగ్ ఐరన్.
చెడిన టంకం ఒట్టి వేడికి లొంగదు.
బూడిదరంగు మొహంతో అలాగే కూచుంటుంది
ఎంతసేపు ఆనించినా.
నాకు పని నేర్పిన అల్లిపురం సత్తార్ మాస్టారు అనేవారు:
"తిట్టకమ్మా. కాస్త కొత్త టంకం తాగించు.
దాంతో కలిసి పాతదీ కదుల్తుంది."
తాగించాను. కదిలింది.
పంపుతో టక్కున లాగేశాను.

గుగ్గిలం పొగ లేచింది.
ఎర్రయ్య గారు కుర్చీలో ముందుకి వంగారు.
వాళ్ల నాన్న పెదజాలరిపేట ఇసకలో పడవ బోర్లించి
పలకల సందుల్లో పీచు కూరి
నూనెలో గుగ్గిలం కాచి పోసేవాడట.
"నాను పొయ్యి ఊదీవోణ్ణి. కళ్లు మండిపోయీవి."
ఇప్పుడూ తుడుచుకున్నారు.
పొగే అయ్యుంటుంది, ఫ్యాను ఆపేసి ఉంది.

పదకొండో కాలు దగ్గర రాగిదారే లేదు.
పచ్చపూత కింద నల్లటి పొడి.
మెరుపు తగిలేదాకా బ్లేడుతో గీకి
వెంట్రుకంత తీగ వేశాను అటునుంచి ఇటు.
భూతద్దం కింద నా వేలు
యారాడ కొండంతై వణికింది.
చిల్లుపడ్డ బిందెకి మాటు వేయించేది మా అమ్మమ్మ.
ఆ మాట ఇప్పుడెవరూ వాడరు.
బిల్లుపుస్తకంలో మాత్రం నేనింకా అలాగే రాస్తాను:
మాట్లు, తొమ్మిది. తీగ, ఒకటి.

అయిదున్నరకి కరెంటిచ్చాం.
ఎర్రటి అంకెలు ఒక్కొక్కటే కళ్లు తెరిచాయి.
తారీకు ఆయనే కొట్టారు, మీటలు చూడకుండా.
16 40.
"పోటు నాలుగూ నలభైకే అయిపోయిందండీ," అన్నాను.
"అది ఆరు కాదు పాపా, ఎనిమిది.
ఆ పై గీత ఎనబై తొమ్మిదిలోనే పోయింది."
మార్చనా అంటే చేయి అడ్డం పెట్టారు.

తువ్వాలు మళ్లీ చుడుతూ అడిగారు:
"ఎన్నాళ్లుంటాది?"
"పడవకి గుగ్గిలం ఎన్నాళ్లుండేది?"
"ఏడాది. మళ్లీ బోర్లించీవోళ్లం."
అంతే, డబ్బులు లెక్కపెట్టి మెట్లు దిగారు.

ఆరూ నలభైకి కిటికీ తీశాను.
ఇక్కణ్ణించి సముద్రం కనబడదు,
ఎదురుగా లాడ్జీ గోడ, నీళ్ల ట్యాంకులు.
గాలి మాత్రం వచ్చింది, ఉప్పగా,
ఇంకా చల్లారని ఐరన్ మొన మీదికి.