అగ్గిపెట్టెంత జాగా

నాలుగో పేజీ, అడుగున, కుడిచేతి మూల.
అగ్గిపెట్టెంత జాగా.
పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు,
రోజుకి నాలుగు వేళలు.
ఇరవై ఎనిమిదేళ్లు నేను దానికి కాపలా.

"తూర్పురేవు" దినపత్రిక అంటే
పూర్ణా మార్కెట్ వెనక సందులో
కింద ఎండునెత్తళ్ల గోదాము, పైన మేము.
నా చొక్కా ఉతికినప్పుడల్లా మా ఆవిడ
సీసం వాసనా చేపల వాసనా విడదీయలేక
రెండింటినీ కలిపి తిట్టేది.

మొదలెట్టింది గొర్లె సోమలింగం గారు, కస్టమ్స్ గుమాస్తా.
ఏ ఓడ వస్తోంది, ఏం దింపుతోంది,
రాత్రిళ్లు చేత్తో రాసి పొద్దున్నే కొట్లకి పంచేవారట.
ఉద్యోగం ఊడింది. పత్రిక పుట్టింది.
తలకట్టు అచ్చుకి ఏటికొప్పాక లక్కబొమ్మల మనిషి
అంకుడు కర్ర మీద అక్షరాలు చెక్కిచ్చాడు.
'రే' కొంచెం ఒరిగింది.
తర్వాత మూడు మెషీన్లు మారాయి గానీ
ఆ ఒరుగు ఎవరూ సరిచెయ్యలేదు.
చదువు రానివాళ్లు కూడా దాన్ని చూసే
మా పేపరు అడిగి తీసుకునేవారు.

రాజధానిలో ప్రభుత్వం పడిపోతే మాకు రెండో పేజీ.
జాలారిపేట తెప్ప చీకటి పడ్డా ఒడ్డు చేరకపోతే మొదటి పేజీ.
ఎక్కడా రాసుకున్న నియమం కాదు.
కింద మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లని దాటుకుని
పైకి రావాలి కదా, అందుకని.

పెద్ద తుఫానుకి కరెంటు పోయింది, కాగితం రీళ్లు నానిపోయాయి.
మిగిలింది తొక్కుడు మెషీనూ, శుభలేఖల కట్టలూ.
ఏ బడిలో ఎవరు తలదాచుకున్నారో
ఆ పసుపు కాగితాల మీదే అచ్చేశాం,
బతికున్నవాళ్ల పేర్లు, పైన వినాయకుడు.

ఒకరోజు 6 తిరగబడింది.
సీసపు అచ్చు, నిద్రమత్తు చెయ్యి, ఇంకేం కావాలి.
మధ్యాహ్నానికి మైలపల్లి నూకరాజు
తడి లుంగీతో మెట్లెక్కి వచ్చాడు.
"బావూ, నీ ఆరు తొమ్మిదైపోనాది.
మా తెప్ప ఇసకెక్కీసింది."
అంతే. అరవలేదు.
టీ తాగమంటే తాగి వెళ్లాడు.
మెట్ల మీద అతని పాదాల తడి
సాయంత్రం దాకా ఆరలేదు.

ఆ వానాకాలమే, హార్బరు గేటు దగ్గర
వేరుసెనగల పొట్లం విప్పితే తెలియని భాష.
ఓడవాళ్లు తూకానికి అమ్మేసిన పాత పేపరు.
మా భీమిలి విలేకరి ధనకోటి చూసి
"డచ్చిది. మా ఊరి సమాధుల మీద రాత ఇలాగే ఉంటాది" అన్నాడు.
ఒక్క ముక్క రాదు. అయినా చదివాను.
చుట్టూ నల్లగీత ఉంటే చావు.
పక్కన ఆవు బొమ్మ ఉంటే సంత.
మూలన ఒక గడి,
వారం రోజుల అంకెలు, రోజుకి నాలుగు,
రోజురోజుకీ ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ.
అవేమిటో నాకు ఎవరు చెప్పాలి?
ఎక్కడో ఒక ఊరు, దానికో రేవు,
దాని పేపర్లోనూ అగ్గిపెట్టెంత జాగా.
వేలు పెట్టి లెక్క చూసుకుంటూ వెళ్తే
నాలుగో వరసలో కుదరలేదు.
6 ఉండాల్సిన చోట 9.

గింజలు చల్లారిపోయాయి.
అక్కడా ఒకడు మెట్లెక్కి వచ్చే ఉంటాడు.
టీ ఇచ్చారో లేదో.

ఇప్పుడు మా పేజీలు విజయవాడలో కడతారు.
అక్కడికి సముద్రం రాదు.
నా మూలలో కొన్నాళ్లు ర్యాంకులు, కొన్నాళ్లు ప్లాట్లు.
పోటు వేళ ఫోనే చెబుతుందట, మంచిదే.
'రే'ని కూడా నిటారుగా నిలబెట్టారు.

మొన్న అదే మూలలో నూకరాజు ఫోటో.
శ్రద్ధాంజలి. కొడుకులు, కోడళ్లు, బోట్ల సంఘం.
వయసు 69.
అలవాటు కొద్దీ
కాగితం తలకిందులు చేసి చూశాను.
తప్పు లేదు.