సోలెడు తవుడు

గెడ్డవలస చర్చి బీరువాలో
చెదలు తిన్నంత తిని వదిలేసిన రిజిస్టరు ఒకటుంది.
గంట కొట్టేవాణ్ణి గనక తాళం నా దగ్గరే.
వానాకాలంలో కాస్త ఎండ పొడ కనిపిస్తే
అరుగు మీద పరిచి, పేజీకో గులకరాయి పెడతాను.

పద్దెనిమిది వందల డెబ్బై నాలుగు, జులై.
బాప్తిస్మాల వరసలో ఒక కొట్టివేత:
తవుడు అని రాసి, గీత గీసి, పైన థామస్.
తండ్రి, కంబారి.
తల్లి, సదరు వాని భార్య. అంతే.

ఆ భార్య పేరు కొర్లమ్మ అని మా ఇంట్లో తెలుసు.
నలుగుర్ని నాగావళి ఇసకలో దాచి
ఐదోవాణ్ణి చేటలో పెట్టి పెంట మీద వదిలేసింది.
పొరుగామె ఎత్తుకున్నాక
సోలెడు తవుడు కొలిచిచ్చి కొనుక్కుంది.

పెంబర్టన్ దొరకి (మావాళ్ళ నోట్లో పెంబటి దొర)
తెలుగు బాగానే వచ్చు,
తవుడంటే పశువుల తిండని తెలిసేంత.
"మంచి పేరు పెట్టాలమ్మా, పరలోకంలో ఆ పేరుతోనే పిలుస్తారు."
"అందుకే ఒద్దంతన్నాను బాబూ.
మంచి పేరినబడితే ఆళ్లు బేగి పిలిసీగల్రు."

దొర సిరాబుడ్డి మూత తిప్పుతూ
చాలాసేపు కూర్చున్నాడట.
తర్వాత గీత గీశాడు.
నీళ్ళు చల్లుతుంటే ఆవిడ
చెవి వెనక సుట్ట సర్దుకుని, వంగి,
పిల్లాడి చెవిలో పాత పేరే చెప్పింది.

దొర కూతుళ్ళిద్దరూ ఉత్తరపు గోడవార ఉన్నారు.
ఆగస్టా, ఏడు నెలలు. హారియట్, పదకొండు రోజులు.
భీమిలి రేవులో దిగి ఎడ్లబండి మీద వచ్చిన పాలరాళ్ళు.
ఎంత మంచి పేర్లో.
నాచు గీకినప్పుడల్లా, నోరు తిరక్క, రెండేసి సార్లు చదువుతాను.

మూడో కాన్పయ్యాక దొరసాని
వంటమనిషికైనా చెప్పకుండా, తెల్లారగట్ల,
మా గోర్జిలోకి వచ్చిందంటారు.
చేతుల్లో గుడ్డమూటలు రెండు.
ఒకదాంట్లో బిడ్డ.
రెండోదాంట్లో గుర్రం దాణాలోంచి తీసిన తవుడు.
మాట రాలేదు. చేట వైపు వేలు చూపించింది.

కొర్లమ్మ సోల తెచ్చి
పైన అరచేత్తో గీసి మరీ కొలిచిందట,
చిటికెడు తగ్గినా బేరం నిలవదని.

ఇదేదీ రిజిస్టరులో లేదు.
ఆ బిడ్డకి ఏం పేరు రాశారో,
ఆ పేజీ నాకంటే ముందే చెదలు చదివేశాయి.
ఓడెక్కి సీమకి వెళ్ళిందో,
ఎన్నేళ్ళు బతికిందో, ఎవరికీ తెలీదు.

ఉత్తరపు గోడవార పల్లేరు దట్టంగా లేస్తుంది.
పీకినప్పుడల్లా, ఎందుకో,
రాళ్ళు మళ్ళీ లెక్కపెడతాను.
రెండే.