దారిఖర్చు

బతూమిలో వాన మొదలైతే
తడిరోడ్డు మీద దీపాలు రెండింతలవుతాయి.
నా గాజుకిటికీకి అడుగున ఒక కంత,
చెయ్యి పట్టేంత, ముఖం పట్టనంత.
పదకొండేళ్ళుగా చేతుల్ని చూసే
మనుషుల్ని గుర్తుపడుతున్నాను.

"ఎతెరి అక్కా, వీటిలో ఏది మంచిది?"
సరిహద్దు దాటి మినీబస్సు దిగీ దిగగానే అడుగుతారు.
ఏం చెప్పను?
సుల్తాన్స్ ఎమరాల్డ్, క్రౌన్ అర్గోస్, లిటిల్ వెర్సై...
ప్రతి పేరులోనూ ఒక రాజో, కిరీటమో, కోటో.
కప్పం కట్టేవాడి పేరు
ఏ బోర్డు మీదా వెలగదు.

నాకు తెలిసింది చెప్తాను, రుసుమేమీ లేదు.
డబ్బు లోపల మార్చకు,
అక్కడి చిరునవ్వుకి వందకి నాలుగు పోతాయి.
కార్డు పెడితే మిషను అడుగుతుంది,
మీ లీరాల్లోనా, మా లరీల్లోనా అని.
మా లరీల్లోనే అను.
పరాయి ఊళ్ళో ఇంటిభాషలో పలకరించే మిషన్ని నమ్మకు.
ఈ గుమ్మంలో వంద పలికే బిళ్ళ
పక్కగుమ్మంలో చొక్కా బొత్తాం.
ఊరికే పెట్టే చేపముక్క ఉందే,
దాని బిల్లు నువ్వు రెండో గంటలో కడతావు.
ఉంగరం ఇంట్లో వదిలి రా.
ఎదురుగా ఉన్న కుదువకొట్టు చూశావుగా,
మా ఊరి ఆస్పత్రి కూడా
రాత్రిళ్ళు అంత మెలకువగా ఉండదు.

అన్నిటికంటే ముందు
దారిఖర్చు నా దగ్గర పెట్టి వెళ్ళు.

బిస్కెట్ల డబ్బా ఒకటుంది, అందులో కవర్లు.
కవరు మీద పేరు, తేదీ, నలభై లరీలు.
షరతు ఒక్కటే:
ఆరు కొట్టేదాకా ఈ డబ్బా చెవిటిది.

రిజే నుంచి వస్తాడు నెజాతి,
టీ ఫ్యాక్టరీలో తూకం గుమస్తా.
పిడికిట్లో ఆకు నలిపి తేమ ఎంతో చెప్పేస్తాడట.
పోయిన మార్చిలో, రాత్రి మూడింటికి
ఆ చెయ్యి కంతలోంచి వచ్చింది, వెల్లకిలా.
"నాదే కదా, ఇవ్వు."
నీదే. ఆరింటికి నీది.
"పదిహేడు రాక ఎంతసేపయిందో తెలుసా?
ఇప్పుడు రావాలి, రాక తప్పదు."
పదిహేడు ఎవరికీ బాకీ లేదు నెజాతీ.

తిట్టాడు. ముందు తుర్కీలో,
అది చాలక లాజ్ భాషలో.
మా అమ్మమ్మ భాష అది.
ఆమె పోయాక ఆ మాటలు
నా చెవిన పడటం అదే మొదలు.
సిగ్గు విడిచి చెప్తున్నాను,
ఇంకో నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది.
చెయ్యి డబ్బా మూత దాకా వెళ్ళింది.
వెళ్ళి, ఆగింది.

రేకు కింద ద్రాక్షపెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు,
వాన మోకాళ్ళ దాకా కొడుతుంటే.
ఆరింటికి కవరు తీసుకుని
రెండుసార్లు లెక్కపెట్టాడు, గుమస్తా కదా.
బేకరీకి వెళ్ళి వేడి రొట్టె కొన్నాడు,
సగం తుంచి నా కిటికీ గట్టు మీద పెట్టాడు.
నా వైపు చూడలేదు.

నేను ఏనాడూ ఆ గుమ్మాలు తొక్కలేదు.
కానీ జిగురు తడిచేసి కవరు మూసేటప్పుడల్లా
లోలోపల ఒక పందెం కాస్తాను,
వీడు మూడింటికి వస్తాడా, ఆరింటికా అని.
ఎక్కువసార్లు గెలుస్తాను.
గెలిచిన రోజు ఇంటికెళ్ళి
ఎవరితోనూ మాట్లాడను.

మూడింటికీ రాక, ఆరింటికీ రాక
మిగిలిపోయినవి మూడు కవర్లు.
ఒకదాని మీద సిరా అలుక్కుపోయింది,
పేరు "వె"తో మొదలవుతుంది, తర్వాత వాన.
పలక మీద రేటు రోజూ చెరిపి రాస్తాను.
డబ్బా మూత తీసినప్పుడు మాత్రం
ఆ మూడింటినీ వేలితో పక్కకి జరిపి
కొత్త కవరుకి చోటు చేస్తాను.